సర్క్లిప్ ప్లేయర్: పిడి వదిలేసి మొన చూసి కొనండి

బేరింగులు, గేర్లు జారకుండా ఆపే సర్క్లిప్పు రింగుల్ని తీసి వేసేది సర్క్లిప్ ప్లేయర్. బైకు, ట్రాక్టరు, మోటారు పనులకి దాన్ని కొనేవాళ్లకి మా మాట ముందే చెప్పేస్తాం. ఏడంగుళాల ఇన్నర్ (బోరు లోపలి రింగుకి) ఒకటి, ఔటర్ (షాఫ్టు మీది రింగుకి) ఒకటి, రెండూ స్ట్రైట్ ముక్కువి, తపారియా కంపెనీవి విడివిడిగా తీసుకోండి. 18 మి.మీ. కంటే సన్నటి షాఫ్టులతో పని పడుతుంటే వాటితోపాటు ఒక చిన్న ఔటర్ కూడా. రోజంతా ఇదే పని నడిచే షెడ్డయితే, చేతికి ఎక్కువగా వచ్చే ఆ ఒక్క సైజు మాత్రం జర్మన్ కంపెనీ క్నిపెక్స్ వాళ్ల ప్రెసిషన్ రకంలో కొనండి. ఒకే పిడికి నాలుగు తలలు మార్చుకునే సెట్టు ఎంత చవగ్గా దొరికినా వద్దు.

సర్క్లిప్పుని షెడ్డుల్లో చాలామంది లాకు అని కూడా అంటారు. బేరింగో, గేరో జారిపోకుండా గాడిలో కూర్చుని ఆపే స్ప్రింగు స్టీలు రింగు ఇది. రెండు చివర్లా చెవులు, చెవికో చిల్లు. షాఫ్టు మీది గాడిలో కూర్చునేది ఔటర్, దాన్ని విప్పార్చి తీయాలి. బోరు, అంటే గుండ్రటి రంధ్రం, లోపలి గాడిలో కూర్చునేది ఇన్నర్, దాన్ని ముడిచి తీయాలి. అందుకే ఔటర్ ప్లేయర్ పిడి నొక్కితే మొనలు తెరుచుకుంటాయి, ఇన్నర్‌ది నొక్కితే దగ్గరికి వస్తాయి. కొట్లో తెచ్చుకున్నాక తప్పు తెలిసి మళ్లీ వెళ్లేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బేరింగు లోపలి బోరు షాఫ్టు మీద ఎక్కుతుంది కాబట్టి ఇన్నర్ అడుగుతారు. షాఫ్టు మీద ఉంటే అది ఔటరే. బేరింగుని చూడకండి, గాడి ఎక్కడుందో చూడండి.

ఇంకో మాట. చిల్లుల్లేని రింగుకి ఈ ప్లేయర్ పనికిరాదు. పిస్టన్ పిన్నుకి ఉండే తీగ క్లిప్పు, చిన్న ఇరుసుల మీద పక్కనుంచి తొడిగే ఈ-క్లిప్పు, చాలా బైకుల ఫోర్కులో ఆయిల్ సీలు మీద ఉండే తీగ రింగు, వీటికి నోస్ ప్లేయరో సన్నటి స్క్రూడ్రైవరో చాలు. ఆ పని కోసమే అయితే డబ్బు దండగ.

అసలు కొలత మొన లావు

‘ఏడంగుళాలది’ అని అడిగితే కొట్టువాడు ఇచ్చేది పొడవు లెక్క. సర్క్లిప్పుకి కావాల్సింది మొన లావు లెక్క. జర్మన్ కొలతల్లో ఇన్నర్‌కి జె, ఔటర్‌కి ఏ అనే అక్షరం, పక్కన నంబరు ఉంటాయి. 0 నంబరు మొన 0.9 మి.మీ., 1 నంబరుది 1.3, 2 నంబరుది 1.8, 3 నంబరుది 2.3, 4 నంబరుది 3.2. ఇన్నర్‌లో 1 నంబరు 12 నుంచి 25 మి.మీ. బోర్లకి, 2 నంబరు 19 నుంచి 60కి, 3 నంబరు 40 నుంచి 100కి పనికొస్తాయి. ఔటర్‌లో 1 నంబరు 10 నుంచి 25 మి.మీ. షాఫ్టులకి, 2 నంబరు 19 నుంచి 60కి. 2 నంబరు ప్లేయర్ పొడవు 180 మి.మీ., అంటే మన ఏడంగుళాలది. 1 నంబరుది 140 మి.మీ.

దీన్ని మనకి రోజూ తగిలే బేరింగులకి అన్వయించి చూడండి. 6202 బేరింగు బయటి కొలత 35 మి.మీ., 6203ది 40, 6204ది 47, 6205ది 52. నాలుగూ 19 నుంచి 60 లోపలే. కాబట్టి హౌసింగు (బేరింగు కూర్చునే గూడు) వైపు పనికి ఏడంగుళాల ఇన్నర్ ఒక్కటుంటే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. అవే బేరింగుల లోపలి కొలతలు 15, 17, 20, 25. ఇక్కడ కథ మారిపోతుంది. 15, 17 మి.మీ. షాఫ్టు సర్క్లిప్పు చెవి చిల్లు 1.7 మి.మీ. మాత్రమే. 1.8 మి.మీ. మొన అందులో దూరదు. 20 మి.మీ. షాఫ్టు సర్క్లిప్పుకైతే చిల్లు 2 మి.మీ., దానికి సరిగ్గా సరిపోతుంది.

ఆ పదో వంతు మిల్లీమీటరు తేడాకి ఎన్ని ప్లేయర్లు పాడవుతున్నాయో. మొన దూరకపోతే చాలామంది ఆకురాయితో రాసి సన్నం చేస్తారు, లేదంటే మొన కొస మాత్రం చిల్లులో ఆనించి నొక్కేస్తారు. మొదటి పద్ధతిలో ఆ మొన ఇంక పెద్ద సర్క్లిప్పుకి తట్టుకోదు. రెండో పద్ధతిలో బలమంతా కొస మీదే పడి మొన వంగుతుంది, లేదా రింగు ఎగిరిపోతుంది. రెండింటికీ తప్పు పనిముట్టు మీద వేస్తారు. మోటారు వైండింగు పనీ, బైకు పనీ చేసేవాళ్లకి చిన్న ఔటర్ విడిగా ఉండాలని మేం గట్టిగా చెప్పేది ఇందుకే.

సర్క్లిప్పుని ఎంత తెరవాలో కూడా తెలిసుండాలి. 20 మి.మీ. షాఫ్టు ఔటర్ సర్క్లిప్పు ఊరికే ఉన్నప్పుడు లోపలి కొలత 18.5 మి.మీ., షాఫ్టు మీద గాడి 19. దాన్ని 20 దాటే వరకు తెరిస్తే చాలు, రెండు మిల్లీమీటర్ల లోపు కదలిక. 40 మి.మీ. బోరు ఇన్నర్ సర్క్లిప్పు ఊరికే ఉన్నప్పుడు 43.5, గాడి 42.5, దాన్ని 40 కిందికి ముడవాలి. ఇంత తక్కువ కదలిక సరిపోయేటప్పుడు పిడిని మొత్తం నొక్కేసేవాళ్లు రింగుని పాడు చేస్తున్నట్టే. అతిగా సాగిన ఔటర్ సర్క్లిప్పు తిరిగి గాడిని బిగించి పట్టుకోదు, వేలితో తిప్పితే వదులుగా తిరుగుతుంది. అలాంటిది మళ్లీ వేయొద్దు.

కొట్లో ఏం చూడాలి

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అయితే కౌంటరు మీదే పెట్టి చూసుకోనిస్తారు. వెళ్లేటప్పుడు మీరు తరచుగా తీసే సైజు పాత సర్క్లిప్పులు రెండు జేబులో వేసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా తెరిచిన రోజే ఈ పరీక్ష చేయండి, వాపసు గడువు దాటకముందే.

ఇన్నర్ ప్లేయర్‌ని పూర్తిగా మూసి, కంటికి ఎదురుగా వెలుతురులో పెట్టి పక్కనుంచి చూడండి. రెండు మొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి గోరంత పైకి, ఒకటి కిందికి ఉంటే నొక్కినప్పుడు సర్క్లిప్పు వంకరగా మెలిపడుతుంది. తర్వాత మొన మొదలు చూడండి. ముక్కు ముగిసి మొన మొదలయ్యే చోట మెట్టులా అంచు ఉండాలి. సర్క్లిప్పు చెవి ఆ మెట్టు మీద ఆనుతుంది. మెట్టు లేకుండా మొన సూదిలా సన్నబడుతూ పోతే చెవి ముక్కు వైపు దూసుకుపోతుంది, పట్టు చిక్కదు.

ఇప్పుడు మొనలకి సర్క్లిప్పు తగిలించి మెల్లగా నొక్కండి. కళ్లు చెవుల మీదే ఉంచండి. రింగు కదలకుండా మొనల మొదట్లోనే ఆనుకుని ఉంటే మంచిది. నొక్కుతున్న కొద్దీ ఒక చెవి కొస వైపు పాకుతుంటే దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి అడగండి. ఒకే కంపెనీవైనా అన్నీ ఒకేలా ఉండవు, పది నిమిషాలు పోయినా మూడు నాలుగు తీయించి చూడటం న్యాయమే. చిన్న ప్లేయర్‌ని పెద్ద రింగుకి బాగా తెరిచినప్పుడు కూడా మొనలు వాలుగా విచ్చుకుని రింగు ఇలాగే జారుతుంది. అది పనిముట్టు లోపం కాదు, సైజు తప్పు.

ఆఖరుగా కీలు. పిడుల్ని పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. కీలు దగ్గర ఆట ఉంటే అది మొనల దగ్గర ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఔటర్‌కి పిడుల మధ్య స్ప్రింగు ఉండాలి. స్ప్రింగు లేనిదైతే మొనలు మూయడానికి ప్రతిసారీ రెండో చేయి కావాలి, ఆ చేత్తో బేరింగు పట్టుకుని ఉంటారు కదా.

ఏది ఎంతకి

నాసిక్ తపారియా ఏడంగుళాలవి రకాన్ని బట్టి సుమారుగా రెండొందల నుంచి నాలుగొందల లోపు దొరుకుతున్నాయి. మొన, ముక్కు ఒకే ముక్క. స్ట్రైట్, బెండ్ రెండు ముక్కుల్లోనూ ఇన్నర్, ఔటర్ ఉన్నాయి. జిల్లా కేంద్రంలో ఏ హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లినా దొరకడం దీని పెద్ద బలం. వారానికి నాలుగైదు సర్క్లిప్పులు తీసే రైతుకీ, చిన్న షెడ్డుకీ ఇది సరిపోతుంది, ఇంతకు మించి పెట్టనక్కర్లేదు. నాలుగు రకాలూ కలిపిన సెట్టు చూసి మోజు పడొద్దు. బెండ్ ముక్కువి రెండూ చాలా షెడ్డుల్లో గోడకి వేలాడుతూనే ఉంటాయి. షాఫ్టు ఎదురుగా గోడ అడ్డం వచ్చే చోటు మీ పనిలో ఉంటేనే బెండ్ తీసుకోండి.

జర్మనీ వుపర్‌టాల్‌లో 1882లో మొదలైన కంపెనీ క్నిపెక్స్. ఇక్కడ దాని ధర తపారియాకి ఎన్నో రెట్లు. అందులో రెండు రకాలున్నాయి, కొట్లో కలిపేసి చెబుతారు. మామూలు రకంలో మొన, ముక్కు కలిపి, పోతపోయకుండా కొట్టి చేసిన ఒకే ముక్క. ప్రెసిషన్ రకంలో మొన వేరే లోహం: గట్టి స్ప్రింగు స్టీలు తీగ ముక్కని ముక్కులోకి దిగ్గొట్టి ఉంటుంది. ఇంత ఖరీదు పెట్టేటప్పుడు ప్రెసిషనే కొనండి, మీరు కొంటున్నది ఆ మొననే. ఔటర్‌లో అతిగా తెరుచుకోకుండా ఆపే స్క్రూ ఉన్న మోడళ్లు కూడా ప్రెసిషన్‌లో ఉన్నాయి. రోజూ ఒకే సైజు బేరింగులు మార్చే చోట, కొత్త కుర్రాళ్లు పని నేర్చుకునే చోట ఆ స్క్రూ ఎంతో మేలు. ఒకసారి సరిచేసి ఇస్తే రింగు సాగదీయడం ఆగిపోతుంది.

నాలుగు తలల సెట్ల గురించి. ఒక పిడి, నాలుగు తలలు, మధ్యలో ఒక పిన్నో స్క్రూనో. చూడ్డానికి అన్నీ ఒకే డబ్బాలో ఉన్నట్టుంటుంది. తల మార్చగలిగేలా చేశారంటేనే పిడికీ తలకీ మధ్య కొంత వదులు ఉంటుంది. ఆ వదులు వల్ల రెండు మొనలూ ఒకే తలంలో నిలవవు. 8, 10 మి.మీ. చిన్న రింగులకి ఎలాగో నెట్టుకొస్తుంది. 40 మి.మీ. బోరు సర్క్లిప్పు మందం 1.75 మి.మీ., దాన్ని ముడిచేటప్పుడు తల పక్కకి తిరిగి రింగు ఎగురుతుంది. ఎగిరిన సర్క్లిప్పు కంటికి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా. ఈ ఒక్క కారణం చాలు వద్దనడానికి.

మొనలు ఎందుకు విరుగుతాయి

సైజు తప్పు సంగతి పైన చెప్పాం. రెండో కారణం, సర్క్లిప్పు మీద బరువు ఉండగానే తీయడం. రోటవేటరు పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు నుంచి రోటవేటరుకి తిప్పుడు అందించేది) క్రాసుని ఉదాహరణగా తీసుకోండి. షాఫ్టు కొసన రెండు కొమ్ముల్లా ఉండే యోక్ చెవిలో బేరింగు కప్పు, దాని బయట ఇన్నర్ సర్క్లిప్పు. దమ్ములో తిరిగిన రోటవేటరైతే గాడి నిండా బురద ఎండి ఇటుకలా గట్టిపడి ఉంటుంది. కప్పు లోపల్నుంచి సర్క్లిప్పుని బయటికి నెడుతూ ఉంటుంది. ఈ స్థితిలో ఏ కంపెనీ ప్లేయర్ పెట్టి లాగినా మొన వంగడం ఖాయం.

ముందు విరిగిన హాక్సా బ్లేడు ముక్క కొసతో గాడి చుట్టూ, చెవి చిల్లుల్లోపల మట్టి గీకేయండి. చిల్లు అడుగు వరకు ఖాళీ అవ్వాలి, లేకపోతే మొన సగమే దిగుతుంది. డీజిలు గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టి పావుగంట వదిలేయండి. తర్వాత చెవులు తగలకుండా రింగు లోపల పట్టేంత సాకెట్టు ఒకటి కప్పు నడి మీద పెట్టి, సుత్తితో ఒకటి రెండు దెబ్బలు లోపలికి వేయండి. కప్పు వెంట్రుక మందం లోపలికి జరిగితే చాలు, సర్క్లిప్పు మీద ఒత్తిడి పోతుంది. సన్నటి పంచితో రింగుని గాడిలోనే కొంచెం తిప్పి చూడండి. తిరిగిందంటే ఇంక ప్లేయర్‌కి కష్టమేమీ ఉండదు, రెండు వేళ్ల బలంతో వచ్చేస్తుంది. తిరగకపోతే మళ్లీ డీజిలు, మళ్లీ దెబ్బ. ప్లేయర్ పిడికి పైపు తొడిగి బలం పెంచడం మాత్రం చేయకండి.

తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, రెండో చేత్తో రింగు మీద గుడ్డ కప్పి ఉంచండి. ఎగిరినా గుడ్డలోనే పడుతుంది. గడ్డిలో పడ్డ సర్క్లిప్పు కోసం గంట వెతికే పని కూడా తప్పుతుంది.

మూడో కారణం, ప్లేయర్‌తో మెలిపెట్టడం. సర్క్లిప్పు ఒక వైపు గాడిలోంచి వచ్చి ఇంకో వైపు ఇరుక్కుంటే, మొనలు చిల్లుల్లో ఉండగానే చేయి తిప్పుతారు. మొనలు నొక్కుడుకి తట్టుకుంటాయి, మెలికకి తట్టుకోవు. వచ్చిన వైపుని పట్టి ఉంచి, ఇరుక్కున్న వైపుని స్క్రూడ్రైవరుతో ఎత్తండి.

డిస్క్ బ్రేకు మాస్టర్ సిలిండరు విడిగా చెప్పాల్సిన సంగతి. బైకు హ్యాండిలు మీద ఉండే దాంట్లో పిస్టన్‌ని ఆపే సర్క్లిప్పు సన్నటి బోరులో లోతుగా ఉంటుంది. ఏడంగుళాల ప్లేయర్ మొన కాదు, ముక్కే అక్కడికి పట్టదు. చిన్న మొన, పొడుగాటి సన్న ముక్కు ఉన్న ఇన్నర్ కావాలి. అది దొరక్కపోతే చవక చిన్న ఇన్నర్ ఒకటి కొని, ముక్కు బయటి పక్కల్ని గ్రైండరు మీద పలచన చేసుకోవచ్చు. రెండు సెకన్లు పెట్టడం, నీళ్లలో ముంచడం, అలా మెల్లగా చేయాలి. మొన నీలం రంగు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, తర్వాత మైనంలా వంగుతుంది. సర్క్లిప్పు తీసేటప్పుడు పిస్టన్‌ని వేలితో లోపలికి నొక్కి పట్టుకోండి, వెనక స్ప్రింగు ఉంది. మొన జారి బోరు గోడ మీద గీత పడితే కొత్త సీలు వేసినా నూనె కారుతుంది.

వంగిన మొనని వేడి చేసి సరిచేయొద్దు. కొద్దిగా కొస మొద్దుబారితే ఆకురాయితో గుండ్రంగా రాసుకోవచ్చు, అంతవరకే. విరిగిన మొన స్థానంలో మేకు ముక్క వెల్డు చేసి నడిపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మేకు మెత్తటి ఇనుము, మొదటి గట్టి రింగుకే వంగుతుంది. వెల్డు వేడికి పక్కనున్న ముక్కు కూడా మెత్తబడుతుంది. మూడొందల పనిముట్టుకి ఆ కష్టం అనవసరం.

తిరిగి వేసేటప్పుడు సర్క్లిప్పు అంచుని గోటితో రాసి చూడండి. ప్రెస్సులో కత్తిరించిన రింగుకి ఒక పక్క అంచు కొంచెం గుండ్రంగా, రెండో పక్క పదునుగా ఉంటుంది. గుండ్రటి పక్క బేరింగు వైపు, పదును పక్క గాడి గోడ వైపు రావాలి. తిరగేసి వేస్తే బరువు పడ్డప్పుడు గుండ్రటి అంచు గాడిలోంచి పైకి ఎక్కే అవకాశం ఉంటుంది. కూర్చున్నాక చుట్టూ స్క్రూడ్రైవరు కొసతో తట్టి, గాడిలో పూర్తిగా దిగిందో లేదో చూడండి.

కొత్త సర్క్లిప్పు కొనేటప్పుడు పాత రింగుని కొలిచి అడగొద్దు, అది సాగి ఉంటుంది. షాఫ్టునో బోరునో వెర్నియరు (మిల్లీమీటరు భాగాల వరకు కొలిచే స్కేలు)తో కొలిచి, ఆ అంకె, ఇన్నరో ఔటరో, పక్కన మందం చెప్పండి: ‘17 ఔటర్, 1 మి.మీ.’, ‘40 ఇన్నర్, 1.75’. ఈ రింగుల కొలతల ప్రమాణం మన దేశంలో ఐ.ఎస్. 3075, జర్మన్ లెక్కలో డిన్ 471 ఔటర్‌కి, 472 ఇన్నర్‌కి. ప్లేయర్ కొన్న రోజే మీ బండికి వాడే సైజులు నాలుగేసి చొప్పున తెచ్చి అదే డబ్బాలో వేసుకోండి, కొంచెం గ్రీజు రాసి.